మేకమ్మ తిరుగు నడక

మా స్టూడియో ఉప్పల్‌లో ఒక టైర్ల దుకాణం పైన ఉంటుంది. చిన్నపిల్లలకు అంకెలు నేర్పే వీడియోలు చేస్తాం. అందులో పాత్రల బొమ్మలు గీసి నడిపించడం నా పని. పోయినేడు నా వంతుకు ఒక మేక వచ్చింది. చీర కట్టుకుని, సంచి పట్టుకుని సంతకు పోయి, కూరగాయలు లెక్కపెట్టుకుని ఇంటికి తిరిగొచ్చే మేకమ్మ. మొహం, కొమ్ములు, కొంగు ఒక్క పూటలో కుదిరాయి. నడకే కుదరలేదు. ఎలా నడిపించినా ఫ్యాషన్ షోకు పోతున్నట్టే ఉంది.

మా టీమ్ లీడ్‌ను నేను అన్న అంటాను. మంచివాడే, ఓపిక మాత్రం నాకున్నంతే. అంటే లేదు.

"గిది మేక నడక గాదు, మనిషి నడక గాదు. ఎవ్వల్నన్న సూసి గియ్యి" అన్నాడు.

మా అమ్మను చూసి గీశాను.

అమ్మకు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఆ కాలు మోపినప్పుడల్లా ఎడమ చేత్తో తొడను అదిమి పట్టుకుని వంగుతుంది, మళ్లీ లేస్తుంది. సంచి ఎప్పుడూ కుడి చేతిలోనే. ఆ నడకతోనే నాచారం నుంచి రోజూ రెండు ఆటోలు మారి, దవాఖానాలో చీటీలు రాసే ఉద్యోగం చేసి నన్ను చదివించింది. నేనేమో స్కూలు రోజుల్లో చర్చికి పోయేటప్పుడు ఆమెకంటే పది అడుగులు ముందుండేదాన్ని. ఎవరైనా అడిగితే తొందర అనేదాన్ని. తొందర లేదు, పాడూ లేదు, సిగ్గు. ఇప్పుడు రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ కావాలనే వెనకబడి, కాస్త ఎడమపక్కగా జరిగి ఫోన్లో అమ్మ నడకను వీడియో తీశాను. అడగలేదు. ఏమని అడగను, నీ కుంటి నడక మేకకు పెట్టుకుంటాననా?

మర్నాటికల్లా మేకమ్మకు ప్రాణం వచ్చింది. అన్న చూసి కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "మస్తున్నది! పిల్లలు పడి పడి నవ్వుతరు."

నాకు ఒళ్లు మండింది. నవ్వించడానికి గీయలేదు. కానీ కోపం ఎవరి మీద చూపాలి? గీసింది నేనే. "గది మా అమ్మ నడకన్నా" అన్నాను.

అతని నవ్వు ఆగిపోయింది. "ముందుగాల చెప్పొద్దా? అమ్మకు చూపెట్టు. వద్దంటే తీసేద్దాం" అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంది. ట్యాబ్ చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. మేకమ్మ సంతకు పోయింది, తిరిగొచ్చింది. అమ్మ నవ్వలేదు. మళ్లీ మొదటి నుంచి పెట్టమంది. మూడోసారి కూడా చూసింది. అమ్మ నొచ్చుకుందని నాకు రూఢి అయిపోయింది. నేనూ చిక్కుడుకాయలు తుంచాను.

"పొయ్యేటప్పుడు మంచిగనే పోతున్నది. వచ్చేటప్పుడు ఏందే, నా మంచికాలు కుంటుతున్నది?"

ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత నెత్తి కొట్టుకున్నాను. మా పనిలో నడకను ఒక వైపుకే గీస్తాం. తిరిగొచ్చేటప్పుడు ఆ బొమ్మనే అద్దంలో చూసినట్టు తిప్పేస్తాం, సగం పని తప్పుతుంది. రెండు కాళ్లూ ఒకేలా ఉన్నవాళ్ల విషయంలో ఆ తేడా ఎవరికీ కనపడదు. ఇక్కడ మాత్రం కుంటు కుడికాలికి వచ్చింది, సంచి ఎడమ చేతికి పోయింది.

"గా చేత్ల సంచి పట్టుకుంటే ఈ తొడనెట్ల పట్టుకుంట? బోర్ల పడ్త."

మేక పడుతుందని అనడం లేదు అమ్మ. తాను పడతానంటోంది. నాకు ఏడుపు ఆగలేదు.

"చెప్పకుండ వీడియో తీసిన. కోపమొచ్చిందా అమ్మా?"

"తీస్తున్నవని ఆనాడే ఎర్కైంది. గిన్నేండ్లల్ల నువ్వు నా ఎన్క నడ్సుడు గదే మొదలు గదా బిడ్డా" అంది. మాటలో నిష్ఠూరం లేదు. చిక్కుడుకాయల గిన్నె తన వైపు లాక్కుంది.

తిరుగు నడకను మళ్లీ మొత్తం గీస్తానంటే అన్న గొణిగాడు గానీ, ఇంకో నాలుగు రోజులు ఇప్పించాడు. తిరిగొచ్చేటప్పుడు కనపడేది కుడిపక్క కాబట్టి, దానికోసం అమ్మను కుడివైపు నుంచి వీడియో తీయాలి. ఈసారి అడిగాను. ఆదివారం కాకపోయినా అమ్మ పొద్దున్నే చర్చి చీర ఇస్త్రీ చేసుకుని కట్టుకుంది. "అందరు సూసేది, జర మంచిగుండాలె గద" అంది. సంచిలో నిజంగానే కూరగాయలు నింపింది, ఖాళీ సంచి పట్టుకుంటే నడక వేరే ఉంటుందట.

మా సందులో ఆమె పక్కనే ఫోన్ పట్టుకుని నడిచాను. ఫోన్ వైపే చూస్తూ, పాత అలవాటో ఏమో, రెండడుగులు ముందుకు పోయాను.

"ఆగే, నేను రావద్దా?" అంది.

నా చిన్నప్పుడు అన్ని ఆదివారాల్లో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఆగాను.