ఎక్కడా జరగని సమావేశం

విల్మా టెర్ప్‌స్ట్రా కోపం ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. కెనడాలో, ఒంటారియో రాష్ట్రం నైరుతి మూలన, చాటమ్‌కి కాస్త దూరంలో ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఆవిడ ముప్ఫై ఏళ్ళకు పైగా బడి బస్సు నడిపింది. వెనక సీట్లలో ఎవరైనా కొట్టుకుంటే బస్సును మంచులోనే రోడ్డు పక్కకి తీసి, ఇంజను కట్టేసి, "నోళ్ళు మూస్తేనే హీటరు," అనేది. ఆ పిల్లలకిప్పుడు జుట్టు నెరుస్తోంది. కిరాణా కొట్లో ఆవిడ ఎదురైతే ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు.

భర్త గెరిట్ పోయాక ఆవిడ కోపానికి కొత్త చోటు దొరికింది. అది బ్యాంకు. దాచుకున్న డబ్బు మీద వాళ్ళిచ్చే వడ్డీ చూసి అడగడానికి వెళితే, అక్కడి కుర్రాడు ఏదో ఫండు అంటగట్టబోయాడు. అందులో వాళ్ళ రుసుము ఎంతని అడిగితే నీళ్ళు నమిలాడు.

"నా డబ్బు నీ దగ్గర పెట్టినందుకు నేనే నీకు జీతమివ్వాలా?" అని లేచి వచ్చేసింది.

ఆ చలికాలమంతా లైబ్రరీలో కూర్చుని షేర్ల గురించి చదివింది. చదివినదంతా వడపోసుకుని చివరికి ఒక్క ముక్క పట్టుకుంది. ఈ దేశంలో జనవరి నెలలో ఇల్లు వెచ్చబెట్టుకోనివాడు ఉండడు, కరెంటు బిల్లు కట్టనివాడు ఉండడు. ఆ బిల్లులు అందుకునే కంపెనీల్లో చిన్న వాటా ఉంటే చాలు, మూడు నెలలకోసారి లాభంలో పంచే డివిడెండు దానంతటదే వచ్చి పడుతుంది. అలా కరెంటు తీగల కంపెనీ ఒకటి, గ్యాసు గొట్టాల కంపెనీ ఒకటి కొంది. మొదటి ఏడాది డివిడెండ్లతో కారుకి మంచు టైర్లు వేయించింది. ఆ టైర్లను ఎంతమందికి చూపించిందో లెక్కలేదు.

తర్వాత హెరన్‌షోర్ వచ్చింది. ఊరి చుట్టూ మొక్కజొన్న చేలల్లో నిలబడ్డ గాలిమరలు ఆ కంపెనీవే. మిగతా కంపెనీలు నాలుగో అయిదో శాతం ఇస్తుంటే అది తొమ్మిది ఇచ్చేది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి కింది గదిలో ఆడవాళ్ళు కాఫీ తాగుతూ విల్మా చుట్టూ చేరేవారు. వాళ్ళలో థియా వింక్ ఆవిడకి నలభై ఏళ్ళ స్నేహితురాలు, మెత్తని మనిషి. థియా భర్త క్లాస్‌కి పక్షవాతం వచ్చి వృద్ధుల ఆశ్రమంలో ఉన్నాడు. చప్పుడు వింటే బెదిరి ఏడుస్తాడు కాబట్టి ఆయనకి విడిగా ఒక గది కావాలి. దానికి ఎక్కువ కట్టాలి. అందుకోసం థియా ఉన్న కాస్త పొలమూ అమ్మేసింది.

"తొమ్మిది శాతమంటే కాస్త ఎక్కువగా లేదూ?" అని థియా అడిగింది. "మిగతావాళ్ళ దగ్గర లేనిది వీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చిస్తారే?"

విల్మాకి చుర్రుమంది. "సలహా అడిగి నాకే పాఠం చెప్తావేంటే? కళ్ళెదురుగా తిరుగుతున్నాయిగా, కనబడట్లేదూ? ఇష్టముంటే కొను. లేకపోతే ఆ బ్యాంకు కుర్రాడి ఒళ్ళోనే కూర్చో."

అందరూ నవ్వారు. థియా కూడా నవ్వి ఊరుకుంది. ఆ వారమే పొలం డబ్బులో ముప్పాతిక వంతు హెరన్‌షోర్‌లో పెట్టింది. పక్కనే ఉన్న నెల్ హూక్‌స్ట్రా కూడా ఎంతో కొంత పెట్టింది.

మూడేళ్ళు బాగానే గడిచాయి. నాలుగో ఏడు ఫిబ్రవరిలో ఒక పొద్దున, విల్మా బఠాణీ సూపు కలుపుతూ కంప్యూటర్ తెరిచింది. కంపెనీ ప్రకటన ఉంది. డివిడెండును "నిలకడైన స్థాయికి సర్దుబాటు" చేశారట. ఆవిడ రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. సగం కంటే ఎక్కువ కోసేశారు. ఇన్నాళ్ళూ సంపాదన చాలక అప్పులు తెచ్చి పంచారట. ఇప్పుడు వడ్డీలు పెరిగాయి కాబట్టి ఇక కుదరదట. మధ్యాహ్నానికల్లా షేరు ధర కుప్పకూలింది. సూపు అడుగంటింది.

వాటాదారుల కోసం పెట్టిన నంబరుకి ఫోను చేసింది. చాలాసేపు పాటలు వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

"మీ సహనానికి కృతజ్ఞతలు, మేడమ్."

"నాకు సహనం లేదు. లేనిదానికి కృతజ్ఞతలు చెప్పకు. ఎవరు కోశారు ఈ డివిడెండు? పేరు చెప్పు."

"అది డైరెక్టర్ల బోర్డు నిర్ణయం, మేడమ్. మీ అభిప్రాయాన్ని పైవాళ్ళకి చేరవేస్తాను."

"అభిప్రాయం కాదమ్మాయ్, తిట్టు. తిట్టుగానే చేరవెయ్యి," అని విల్మా ఫోను పెట్టేసింది.

ఆ ఆదివారం చర్చి కింది గదిలో నెల్ హూక్‌స్ట్రా అందరి ముందూ విరుచుకుపడింది. "కళ్ళెదురుగా తిరుగుతున్నాయన్నావు! బల్ల గుద్ది చెప్పావు! మా వంటింటి కప్పు కారుతోంది, బాగుచేయించే డబ్బు అందులోనే పోయింది, వచ్చి నీ చేత్తో పట్టుకో!" విల్మా కూడా తగ్గలేదు. ఇద్దరి అరుపులకీ పైనుంచి పాస్టరు దిగి వచ్చాడు. థియా మాత్రం తన కాఫీ కప్పు పట్టుకుని వెళ్ళి గదికి అవతలి చివర బెంచీ మీద కూర్చుంది. తర్వాతి వారం కూడా అక్కడే కూర్చుంది.

విల్మాకి నెల్ అరుపులకంటే ఆ బెంచీని చూస్తేనే ఎక్కువ మండింది. ఆ మంటనంతా మూటగట్టి హెరన్‌షోర్ వాళ్ళ నెత్తిన పోయాలని నిశ్చయించుకుంది. మే నెలలో వాటాదారుల వార్షిక సమావేశమని కాగితం వచ్చింది. అందులోనే ఇంకో సంగతి కూడా కనిపించింది. డివిడెండు కోసిన ఏడాదే కంపెనీ పెద్దాయనకి బోనసు పెంచారు. విల్మా ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసింది. గీత గీస్తుంటే కాగితం చిరిగింది.

చర్చికి వేసుకునే నీలం కోటు తొడుక్కుని, చీజ్ పెట్టిన రొట్టె పొట్లం కట్టుకుని, పొద్దున్నే చాటమ్‌లో టొరంటో రైలెక్కింది. దారి పొడవునా అడగాల్సిన మాటలు పెదవుల మధ్యే వల్లె వేసుకుంది. ఎదురుగా కూర్చున్నాయన ఆవిడ మొహం చూసి వేరే సీటుకి మారిపోయాడు.

హెరన్‌షోర్ ప్రధాన కార్యాలయం ఒక అద్దాల మేడలో ఉంది. కింద గేటు దగ్గర కాపలా ఉన్న మనిషికి యాభై ఏళ్ళుంటాయి. చొక్కా మీద క్వబేనా అని పేరుంది.

"హెరన్‌షోర్ సమావేశం ఏ అంతస్తులో?" అని విల్మా అడిగింది.

"ఏ సమావేశం అమ్మా? నాకేం చెప్పలేదే."

విల్మా కాగితం తీసి చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా చదివాడు. "ఇదిగోనమ్మా, స్థలం అన్నచోట ఇంటర్నెట్టు చిరునామా ఇచ్చారు. ఇది కంప్యూటర్లోనే జరుగుతుంది."

"అది నాకూ తెలుసు. చూడాలనుకునేవాళ్ళు అందులో చూస్తారు. కానీ మనుషులు కూర్చునేది ఎక్కడ?"

"ఎక్కడా కూర్చోరమ్మా."

"అదెలా? హాలుండాలి కదా. కుర్చీలుండాలి కదా."

"లేవమ్మా. నేనొచ్చినప్పటి నుంచీ ఇంతే."

విల్మా కాగితం లాక్కుంది. ఆవిడ గొంతుకి ఆ పాలరాతి గది మారుమోగింది. "నేను ఈ కంపెనీకి ఓనర్ని! తెలుసా? చిన్నదో పెద్దదో, నేను ఓనర్ని! వాళ్ళని కిందికి రమ్మను!"

లిఫ్టు దగ్గర నిలబడ్డవాళ్ళు తలలు తిప్పి చూశారు. క్వబేనా చెయ్యి చాచి, "పైన ఎవరూ లేరమ్మా," అన్నాడు. "రిసెప్షన్‌లో అమ్మాయి ఒక్కతే ఉంది. పెద్దాయనని నేను చూసి రెండు నెలలైంది. అరిజోనాలో ఉంటున్నాడంటారు." తన కుర్చీ తెచ్చి ఆవిడ ముందు వేశాడు. ఆ మర్యాదకి విల్మాకి ఇంకా ఒళ్ళు మండింది. ఈ మేడలో తనకి దొరికినవాడు ఈయనొక్కడే. చూస్తే ఈయన తిట్టడానికి పనికొచ్చే మనిషి కాడు.

ఎదురుగా ఉన్న కాఫీ కొట్లో కూర్చుని ఫోనులో సమావేశం తెరిచింది. అందులోనూ మనుషులు కనబడలేదు. నీలం తెర మీద కంపెనీ గుర్తు, వెనక నుంచి గొంతులు. ప్రశ్న రాయడానికి ఒక పెట్టె ఉంటే, ఒంటి వేలితో తడుముకుంటూ రాసింది. "మా ఊళ్ళో థియా వింక్ తన పొలం అమ్మి మీకిచ్చింది. మీ డివిడెండు మీదే ఆవిడ భర్త గది నడుస్తోంది. ఆవిడది కోసి, మీ పెద్దాయనకి పెంచారెందుకు? మీరసలు ఎక్కడున్నారు?"

కాసేపటికి ఒక ఆడగొంతు, నునుపుగా వినిపించింది. "డివిడెండు విధానం గురించి కొందరు వాటాదారులు ఆసక్తి చూపారు."

"ఆసక్తా!" అని విల్మా గట్టిగా అరిచింది. పక్క బల్ల దగ్గరి పిల్ల ఉలిక్కిపడింది.

పెద్దాయన గొంతు జవాబిచ్చింది. కంపెనీ భవిష్యత్తు ఉజ్వలంగా ఉందంది, క్రమశిక్షణ అంది. అందరికీ ధన్యవాదాలు చెప్పింది. ఆవిడ కాఫీ ఇంకా చల్లారలేదు. సమావేశం ముగిసిందని తెర మీద అక్షరాలు వచ్చాయి.

తిరుగు రైల్లో విల్మా రొట్టె తినలేదు. ఇంత దూరం మోసుకొచ్చిన కోపం దించుకోవడానికి ఒక మొహం కూడా దొరకలేదు. రైలు ఒంటారియోలోనే ఉన్న లండన్ అనే ఊరు దాటింది, కిటికీలోంచి తడిసిన చేలు వెనక్కి పోతున్నాయి. అప్పుడు ఉన్నట్టుండి థియా మాట గుర్తొచ్చింది. వీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చిస్తారే? అంత సూటి ప్రశ్నని కంపెనీ పెద్దాయన ముందు తాను కూడా అడగలేదు. దానికి ఆ రోజు తానిచ్చిన జవాబు కూడా గుర్తొచ్చింది. విల్మా మొహం వేడెక్కింది.

మర్నాడు థియా ఇంటికి వెళ్ళింది. థియా ముందు గదిలో క్లాస్ బట్టలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. ఆయన్ని ఇద్దరుండే గదిలోకి మారుస్తున్నారు.

విల్మా కోటు విప్పకుండానే మొదలుపెట్టింది. "దొంగ వెధవలే థియా! హాలు లేదు, కుర్చీ లేదు, ఆ పెద్దాయన అరిజోనాలో ఎండ కాచుకుంటూ..."

"ఆపు," అంది థియా.

"కాదే, నేను రాసింది కూడా చదవకుండా..."

"ఆపమన్నానా!" థియా చేతిలోని బూట్ల బ్రష్షుని బల్ల మీద టపీమని కొట్టింది. నలభై ఏళ్ళలో ఆ గొంతు విల్మా ఎప్పుడూ వినలేదు. "అరిజోనావాడు నాకెవడే? వాణ్ణి నేనెరగను. నేనెరిగింది నిన్ను. నేను అడిగానా లేదా?"

"అడిగావు."

"ఏమన్నావు? అందరి ముందు ఏమన్నావు? బ్యాంకు కుర్రాడి ఒళ్ళో కూర్చోమన్నావు. అందరూ నవ్వారు. సిగ్గేసి, పిరికిదాన్నంటావని భయపడి, క్లాస్ పొలం డబ్బు తీసుకెళ్ళి అందులో పోశాను. నలభై ఏళ్ళుగా నీ బస్సులో వెనక సీట్లో కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టావే నన్ను! నోరెత్తితే హీటరు కట్టేస్తావు!"

విల్మా నిలబడే ఉంది. జవాబు గొంతు దాకా వచ్చింది. మింగేసింది. అది ఆవిడకి అలవాటు లేని పని.

"నువ్వు అడిగినప్పుడు నాకూ అనుమానమే," అంది చివరికి. "అందుకే అంత కోపమొచ్చింది."

"అయితే నువ్వు ఇంకా దుర్మార్గురాలివి," అంది థియా. ఏడవలేదు. ఎర్రబడ్డ మొహాన్ని క్లాస్ పడక కుర్చీ వైపు తిప్పింది. "ఆ చివర పట్టుకో. నా ఒక్కదానివల్ల కాదు."

ఇద్దరూ దాన్ని మోసుకెళ్ళి విల్మా కారు వెనక కట్టారు. కొత్త గదిలో పక్క మంచం ముసలాయనకి చెవుడు. టీవీ గదంతా దద్దరిల్లేలా పెట్టుకుంటాడు. క్లాస్ చెవులు మూసుకుని ఏడ్చాడు. విల్మా ఆశ్రమం మేనేజరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఏమందో ఎవరికీ తెలియదు గానీ, ఆ వారంలోనే ముసలాయన చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోను వచ్చింది. విడి గది మాత్రం రాలేదు. దానికి డబ్బే కావాలి.

విల్మా మళ్ళీ బస్సు ఎక్కింది. సెలవు పెట్టినవాళ్ళ బదులు నడిపే పని. ఆ జీతం థియాకి ఇవ్వబోతే ఆవిడ కవరు విప్పనైనా విప్పలేదు. "నీ డబ్బు నాకొద్దు. నన్ను ఆశ్రమానికి తీసుకెళ్ళి తీసుకురా. నోరు మూసుకుని తీసుకెళ్ళు." విల్మా వారానికి రెండుసార్లు అలాగే తీసుకెళ్ళింది.

థియా తన హెరన్‌షోర్ షేర్లన్నీ నష్టానికే అమ్మేసింది. విల్మా తీగల కంపెనీనీ, గ్యాసు కంపెనీనీ ఉంచుకుంది. హెరన్‌షోర్‌లో మాత్రం ఒక్కటంటే ఒక్క షేరు మిగుల్చుకుంది. అది డివిడెండు కోసం కాదు. ప్రతి మే నెలలోనూ ఆ పెట్టెలో తిట్టు రాసే హక్కు కోసం.

ఆ హక్కు కూడా మిగల్లేదు. మరుసటి వేసవిలో విదేశీ ఫండు ఒకటి కంపెనీ మొత్తాన్ని చవకగా కొనేసింది. పెద్ద వాటాదారులు సరేనన్నారు, మిగతావాళ్ళ షేర్లు వాటంతటవే పోయాయి. విల్మా ఒంటి షేరుకి చెక్కు వచ్చింది. అందులో రెండు కాఫీలొస్తాయి.

ఆశ్రమానికి వెళ్ళే దారిలో ఆవిడ దాన్ని థియా ఒళ్ళోకి విసిరింది. "చూడు! నా షేరు నేను అమ్ముతానని ఎవడితోనైనా అన్నానా? అడగనైనా అడగలేదే! లాక్కున్నారు!"

థియా చెక్కు చదివింది. పెదవులు బిగించింది గానీ ఆగలేదు, పగలబడి నవ్వింది. డివిడెండు కోసిన ఆ ఫిబ్రవరి తర్వాత ఆవిడ విల్మా ముందు నవ్వడం అదే మొదలు.

"ఇప్పుడెవర్ని తిడతావే మరి?"

"కొన్నవాడెవడో కనుక్కుంటాను," అంది విల్మా పళ్ళు నూరుతూ, గేరు మార్చి. "ఎక్కడో ఒకచోట వాడికి కుర్చీ ఉండకపోదు."