మిలిటరీ క్రాపు

పటాలం గేటుకు ఎదురుగా అతని సెలూను. ముప్పై ఏళ్లుగా ఆ కత్తెరకు తెలిసింది ఒక్కటే క్రాపు: చెవుల పైదాకా ఎత్తేసి, మెడ మీద నున్నగా, ఏడు నిమిషాల్లో. మూడు నెలల క్రితం పటాలం వేరే చోటికి తరలిపోయింది. పక్కనున్న టీకొట్టు మూతపడింది, ఇస్త్రీబండి ఊరొదిలింది. అతను మాత్రం తెల్లారగానే షట్టరెత్తి, ఖాళీ కుర్చీలు దులిపి, గేటుకున్న తాళం చూసి పళ్లు నూరుతాడు.

నిన్న ఓ పెళ్లికొడుకు వచ్చాడు. "చివర్లు కాస్త కత్తిరించు బాబాయ్, చాలు" అని కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి అద్దంలో సిపాయి కూర్చున్నాడు.

"రేపే నా పెళ్లి!" అంటూ లబోదిబోమని వెళ్లిపోయాడు.

లోపల్నుంచి వచ్చిన భార్య నేలమీది జుట్టు చూసి నెత్తి కొట్టుకుంది. "పటాలం పోయిందని తెలీదా నీకు?"

అతను కత్తెర విసిరికొట్టాడు. "నాకు తెలుసే! ఈ చేతికెవరు చెప్తారు?"