అత్త గెలిచిన పుంటికూర

ఈ రోజు పొద్దున మోండా మార్కెట్‌కి వెళ్లాను. నెల తర్వాత కనపడ్డానని ఆకుకూరలమ్మే యాదమ్మ ముఖం విప్పారింది.

యాదమ్మదీ మా అత్తదీ ఒకే సీరియల్. అందులో హీరోయిన్ మొగుడు కారు ప్రమాదంలో పోయినప్పుడు, వాడు నిజంగా పోయాడా లేదా అని ఇద్దరూ ఇక్కడే పుంటికూర కట్ట పందెం వేసుకున్నారు. "శవం మొఖం చూపియ్యలే. మొఖం చూపియ్యలేదంటే మనిషి సావనట్టే" అని అత్త వాదన. వంటింట్లో పట్టుచీరలేమిటని రోజూ సీరియల్‌ని తిట్టేది కానీ, ఈ సూత్రం మాత్రం వదల్లేదు.

"మీ అత్తనే గెల్చింది బిడ్డా! నిన్న గడ్డం పెంచుకొని వచ్చిండు వాడు. ఏందీ, ఆమె వస్తలేదు?"

అత్త పోయి మూడు వారాలైంది.

"మోకాళ్ల నొప్పులు" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు.

"జెర పైలంగుండమను. ఇది ఆమెకియ్యి" అని కట్ట నా సంచిలో పెట్టింది.

సీతాఫల్‌మండిలో మా ఇల్లు వచ్చేదాకా ఆటోలో ఆ సంచి ఒళ్లోనే పెట్టుకున్నాను. సాయంత్రమైంది, కట్ట ఇంకా వంటింటి గట్టు మీదే ఉంది. వండబుద్ధి కాదు, పారేయబుద్ధి కాదు.

అత్త ముఖం నేను చివరిదాకా చూశాను. యాదమ్మకు ఎవరూ చూపించలేదు. అత్త సూత్రం ప్రకారం ఆ కూరల బుట్టల దగ్గర ఆమె ఇంకా బతికే ఉంది.

అక్కడైనా ఉండనివ్వనా, వచ్చే వారం వెళ్లి నా నోటితో చంపనా? మీరే చెప్పండి.