నాంచారమ్మ తలుపు తీసి పెట్టింది

చల్లపల్లి బస్టాండు ఎదురుగా, బ్రాందీ షాపు ముందు ఎవరిదో సీసా చేజారి పగిలింది. ఎండకి ఆ వాసన గుప్పున లేచింది. పక్కనున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం బస్సు వచ్చినా కదల్లేకపోయాను. ఈ కాస్త వాసనకే కదా, ఒకప్పుడు నాంచారమ్మను జైల్లో పెట్టారు!

నాగాయలంకలో మా వెనకింట్లో ఉండేది నాంచారమ్మ. చేపలు అమ్మేది. నేను ఎవరి ముందూ నోరు విప్పని పిల్లని, ఎవరైనా వస్తే పుస్తకం చాటున దాక్కునేదాన్ని. ఆమె తట్ట దించి, “ఏం కావాలో నువ్వే అడుగు పాపా, మీ అమ్మ అడిగితే ఇవ్వను” అని మొండికేసేది. నేను గొణిగితే, “చేపకి చెప్తన్నావా, నాకు చెప్తన్నావా? అది చచ్చిపోయింది, నాకు చెప్పు!” అని నవ్వించేది. సారా కొట్టు మూయించాలని ఆడవాళ్ళు రోడ్డెక్కినప్పుడు అందరికన్నా ముందు నడిచింది ఆమే. మద్యనిషేధం వచ్చిన రోజు మా అమ్మ నోట్లో బెల్లం ముక్క పెట్టి వెళ్ళింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆమె భర్త వేటకెళ్ళి సముద్రంలో పోయాడు. సంవత్సరీకం నాడు వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి, తలుపు బార్లా తీసి, ఇంట్లోవాళ్ళు బయట కూర్చోవాలి. ఆయన వచ్చి తిని వెళ్తాడట. అన్నం, చేపల పులుసు, చుట్ట పెట్టింది. ఎక్కడ దొరికిందో, ఒక చిన్న బ్రాందీ సీసా కూడా పెట్టింది. అమ్మా నేనూ ఆమెతోపాటు వసారాలో కూర్చున్నాం. వీధిలో పోతున్న పోలీసు జీపు ఆగింది. తెరిచిన తలుపులోంచి అంతా కనిపిస్తూనే ఉంది.

“ఎవరికే ఇది?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“మా ఆయనకండి.”

“ఏడీ, పిలువు.”

“పిలిచానండి. ఇంకా రాలేదు.”

కానిస్టేబులు ఫక్కున నవ్వాడు. “చచ్చినోడికి మందేంటే?”

“బతికుండగా తాగనివ్వలేదు బాబూ. అందుకని.”

తిట్టి వదిలేస్తారనుకున్నాం. సీసా తీసుకుని ఆమెను జీపెక్కమన్నారు. “విస్తరి ఎత్తేదాకా ఆగండి బాబూ, ఆయనింకా తినలేదు” అని బతిమాలింది. ఆగలేదు. అప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది: “ఆవిడ ఎవర్ని ఏం చేసిందండీ?” ఇన్‌స్పెక్టరు నా వైపు ఒకసారి చూసి జీపెక్కాడు.

రాజమండ్రి జైలు నుంచి ఆమె తిరిగొచ్చేసరికి వానాకాలం దాటిపోయింది. మనిషి సగమైంది. “తలుపు దగ్గరికి వేసుకోకపోయావా నాంచారమ్మా?” అంది అమ్మ. “వేస్తే ఆయనెట్టా వస్తాడండీ?” అంది. తర్వాత నా వైపు తిరిగి, “నా పక్కన పడుకునే ఆవిడ మొగుణ్ణి నరికి వచ్చింది పాపా. నువ్వేం చేశావని అడిగింది. మా ఆయనకి అన్నం పెట్టానన్నాను. నమ్మలా” అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

తర్వాత ఆ చట్టాన్నే ఎత్తేశారు. ఆమె జైలు రోజుల మాట ఎవరూ ఎత్తలేదు. ఈనాటికీ పేపర్లో ఎవరినో పట్టుకున్నారని చదివితే, వాళ్ళ వల్ల దెబ్బ తిన్న మనిషి ఎవరా అని వార్త చివరిదాకా వెతుకుతాను. కొన్నిసార్లు ఎవరూ కనిపించరు. అలాంటప్పుడు ఆ పేపరు మడిచి పక్కన పెట్టడం నాకు చేతకాదు.