మూడు ఊళ్లు, ఒక్క గడప

జగిత్యాల గొప్పదా, కోరుట్ల గొప్పదా, సిరిసిల్ల గొప్పదా అనే పంచాయితీ రాజలింగం ఇంట్లో అతని పెళ్లినాడే మొదలైంది. ఇప్పటికీ తెగలేదు. భార్య శ్రీలతది సిరిసిల్ల. చెల్లెలు రాణిని ఇచ్చింది కోరుట్లకు. తాను బతికేది జగిత్యాలలో. ఏ పండక్కి అందరూ కలిసినా మటన్ కూర చల్లారేది గానీ వాదన చల్లారేది కాదు. ఈమధ్య ఫోన్లో కుటుంబం గ్రూపు ఒకటి పెట్టుకున్నాక పండగ దాకా ఆగే పని కూడా లేకుండా పోయింది.

ఆ గ్రూపుకు పెద్ద దిక్కు దేవదాస్, శ్రీలత తమ్ముడు. సిరిసిల్లలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. పొద్దున లేస్తూనే జగిత్యాలలో ఎక్కడో గొలుసు తెంపుకుపోయిన వార్త వెతికి పట్టుకుని పెట్టేవాడు. "బావా, అక్క మెడల పుస్తెలతాడు పైలం. మీ ఊర్ల మనిషికి భద్రం లేదు." దానికి రాణి కోరుట్ల నుంచి లేచేది. "మీ సిరిసిల్లల మగ్గాలు ఏడాదిల ఎన్ని నెలలు నడుస్తయో గది చెప్పు ముందు. మా దగ్గర కిరాయిలు సగమే." "కిరాయి సగమే, పని కూడ సగమే గదా. బీడీలు చుట్టుడు తప్ప ఏమున్నదమ్మా మీకాడ?" అనేవాడు దేవదాస్. ఇట్లా మధ్యాహ్నం దాకా. శ్రీలత ఆ పూట మొగుడి మీద కోపాన్ని బట్టి ఒక పక్షం పట్టేది. రాజలింగం చదివీ చదివీ విసుగెత్తి ఫోను బోర్లా పెట్టేవాడు. ఒక్క దేవదాస్‌కు తప్ప ఆ మూడు ఊళ్లలో జానెడు జాగా లేనివాళ్లు ఊళ్ల గొప్పల కోసం ఇంతగా కొట్టుకోవడం అతనికి అస్సలు అర్థమయ్యేది కాదు.

అతను టెంట్ హౌస్‌లో పనివాడు. పెగడపల్లి మండలంలోని ఊరి నుంచి మీసాలు రాకముందే జగిత్యాల వచ్చి, పైపులు మోయడంతో మొదలుపెట్టి, ఇప్పుడు ఎంత పెద్ద షామియానా అయినా నలుగురు మనుషులతో నిలబెట్టేస్తాడు. పెళ్లి అయినా, పుట్టువెంట్రుకలైనా, చావైనా ముందు వెళ్లేదీ చివర వచ్చేదీ అతనే. ఉండేది భాస్కర్ రావు, పుష్పలత దంపతుల ఇంటి వెనక రెండు గదుల్లో. ఆయన వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. మల్లాపూర్ దిక్కు పెద్ద భూములున్న కుటుంబం, మర్యాద తెలిసిన మనిషి. రాజలింగం ఇన్నేళ్లలో కిరాయి ఒక్కనాడు ఆలస్యం చేయలేదు. వాళ్ల ఇంటి ముందు మొక్కలకు నీళ్లు పట్టేది కూడా అతనే.

తల్లి మల్లవ్వ మొన్నమొన్నటి దాకా ఊళ్లోనే ఒక్కతే ఉండేది. వానలకు పెంకుటిల్లు కూలాక రాజలింగం తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఈ ఎండాకాలం ఆమెకు కాళ్లు వాచి, ఊపిరి ఆడక ఆసుపత్రిలో చేర్పించాల్సి వచ్చింది. డాక్టరు గుండె బలహీనమైందన్నాడు. చివరికి, "ఇంటికి తీసుకపోండ్రి, ఆమెకు ఏది తినబుద్ధయితే అది పెట్టుండ్రి" అన్నాడు.

ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున భాస్కర్ రావు ఆపిల్ పండ్ల సంచితో వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మల్లవ్వను పలకరించాడు. తర్వాత రాజలింగాన్ని బయట వేపచెట్టు కిందికి పిలిచి, సంచి ఇచ్చినంత మెత్తగా ఆ మాట కూడా చెప్పాడు.

"నీకు తెల్వనిదేమున్నది రాజలింగం. పుష్పలత ఒకటే టెన్షన్ పడుతుంది. రేపు ఏదన్న అయితే ఇల్లు నెలలకు నెలలు తాళమేసి పెట్టాలె. తర్వాత కిరాయికి ఎవ్వలు రారు. నేను పొమ్మంటలేను. ఒక ఇల్లు సూసుకుంటే బాగుంటది."

"సూస్త సార్" అన్నాడు రాజలింగం. ఇంకేమంటాడు? కిరాయి ఇంట్లో చావు జరగకూడదు. ఆసుపత్రిలో పోయినా ఆ మనిషిని కిరాయి ఇంటి గడప దాటి లోపలికి తేనివ్వరు. ఈ దిక్కున ఇది ఎవరూ రాయని, అందరూ పాటించే కట్టుబాటు. వ్యాను రోడ్డు మీద ఆగుతుంది, గేటుకు తాళం ఉంటుంది, టెంట్ హౌస్‌కు ఫోన్ వస్తుంది. రోడ్డు పక్కన ఆ చిన్న టెంటు వేసేది రాజలింగమే. కిందటి వానాకాలం ఒక మిర్చిబజ్జీల బండాయన పోతే, గాలికి లేచిపోతున్న గుడ్డను ఆయన భార్య ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఆయన ముఖం మీద చినుకులు తుడిచింది. ఆ రోజు రాజలింగం ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. తన తల్లి అలా రోడ్డు మీద పడుకోకూడదు. ఆమె పోయేది ఒక గడపలోంచి పోవాలి. అతనికి కావలసింది అదొక్కటే.

జగిత్యాలలో వెతకడం మొదలుపెట్టాడు. ప్రతి ఇంటి దగ్గరా మొదటి ప్రశ్న, "ఏమిటోళ్లు?" కులం చెప్తే సగం ఇళ్లు అక్కడే అయిపోయేవి. "మా వాళ్లకు మాట ఇచ్చినం, యాదికే లేదు" అనేవారు. మిగిలిన సగంలో రెండో ప్రశ్న, "ఇంట్ల ముసలోళ్లు ఉన్నరా?" దాంతో అవీ అయిపోయేవి. గేటుకు టు-లెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది, ఇల్లు మాత్రం ఖాళీ ఉండదు. ఇదేం లెక్కో!

ఈ సంగతి గ్రూపులో శ్రీలత పెట్టింది. ఇంకేం, రెండు ఊళ్లూ ఒక్కసారే లేచాయి.

ముందు రాణి. "అన్నా, జగిత్యాల మనుషులు గంతే. మా కోరుట్లకు రా. ఒక్క రోజుల ఇల్లు ఇప్పిస్త." ఇప్పించినంత పనీ చేసింది. పసుపు వ్యాపారం చేసే ఆయనది మంచి ఇల్లు. నల్లా ఉంది, గాలీ వెలుతురూ ఉన్నాయి, కిరాయి నిజంగానే తక్కువ. కులం సంగతి రాణి ముందే మాట్లాడిపెట్టింది. తాళంచెవి చేతికి ఇవ్వబోతుండగా రాజలింగం ఆగలేకపోయాడు.

"సేటూ, మా అవ్వకు పాణం బాగలేదు. ఏదన్న అయితే ఇక్కన్నే కానిస్తరా?"

తాళంచెవి మళ్లీ జేబులోకి పోయింది. "పాణం బాగున్నన్ని దినాలు ఉండుండ్రి, నాకేం ఇబ్బంది లేదు. తేడా కొడుతుందంటే మాత్రం మీ ఊరికి తీస్కపోవాలె."

బయటికి రాగానే రాణి ఇంతెత్తున లేచింది. "నిన్ను ఎవలు అడుగుమన్నరు? సప్పుడు జెయ్యక ఉండొచ్చు గదా! నా పరువు తీసినవ్."

"మరి ఎప్పుడు అడుగాలె? రోడ్డు మీద టెంటు గుంజలు పాతేటప్పుడు అడుగాల్నా?"

రాణి ఏడ్చింది. తల్లిని తానే ఉంచుకుందామంటే ఆమెదీ కిరాయి ఇల్లే, ఆమె ఇంటి ఓనరూ అదే మాట అంటాడు. కోరుట్ల గొప్పల గురించి ఆమె మళ్లీ గ్రూపులో ఒక్క ముక్క రాయలేదు.

ఇక దేవదాస్ వంతు. "నేను ముందే చెప్పిన బావా, మా సిరిసిల్లకు రాండ్రని." ఆదివారం బస్సు దిగిన అక్కనూ బావనూ ఆటో ఎక్కించి ఊరంతా తిప్పాడు. ఇదిగో కలెక్టరాఫీసు, ఇవిగో కొత్త రోడ్లు, అదిగో మా ఫ్యాక్టరీ, అక్కకు రేపే పని ఇప్పిస్తా. ప్రతి మూల మీదా ఆటో ఆపించి స్తంభం మీది కెమెరా చూపించాడు. "దొంగ అన్నోడు మా ఊర్లకు రావాలంటే ఉచ్చపోసుకోవాలె." పెళ్లిచూపుల్లో పిల్లను పొగిడినట్టు ఊరిని పొగిడాడు. ఎండకు రాజలింగం తల పగిలిపోతోంది. ఇల్లు ఎక్కడ అంటే "అస్తున్నం బావా" అంటాడు, ఇంకో కెమెరా చూపిస్తాడు.

చూపించిన మూడు ఇళ్లలోనూ అదే జవాబు వచ్చింది. మాటలు కూడా మారలేదు. మధ్యాహ్నం దేవదాస్ తన ఇంటికి భోజనానికి తీసుకెళ్లాడు. కిందటేడు కట్టుకున్న స్లాబు ఇల్లు అది. ముందు గదిలో కొత్త మంచం, దాని మీద ఇంకా కవరు కూడా విప్పని పరుపు. చేయి కడుక్కుంటూ రాజలింగం ఆ పరుపు వైపు చూశాడు.

"దేవదాసూ, ఈ గది ఖాళీగనే ఉన్నది గదా. మా అవ్వను కొన్నొద్దులు ఇక్కడ ఉంచుకుంటవా?"

వడ్డిస్తున్న దేవదాస్ భార్య చేతిలో గరిటె ఆగింది. దేవదాస్ తల గోక్కున్నాడు. "అత్త అంటే నాకు పాణం బావా, నీకు ఎరుకే. కని ఇల్లు కట్టి ఏడాది గూడ నిండలే. ఇంటిపేరు వేరాయె. రేపు పిల్లలకు ఏమన్న అయితే పదిమంది పది తీర్లు అంటరు. ఇంకో మంచి ఇల్లు సూద్దాం. వేములవాడ రోడ్డుకు ఒకటి ఉన్నదట."

దానికి జవాబిచ్చింది శ్రీలత. పొద్దుటి నుంచీ పుట్టిన ఊరి గొప్పలు మురిపెంగా విన్న మనిషి, కంచంలో చేయి కడిగేసింది.

"మీ ఊర్ల కెమెరాలు మస్తున్నయిరా తమ్మీ. నువ్వు గిప్పుడు అన్న మాట అండ్ల పడ్డదో లేదో ఒకసారి సూసుకో."

ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. రాజలింగానికి కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. భాస్కర్ రావు చెడ్డవాడు కాదు, పసుపు సేటు కాదు, దేవదాస్ అసలే కాదు. ఏ ఊరికి ఆ ఊరు మంచివాళ్లతో నిండి ఉంది, ఒక్క ముసలిదానికి చోటు మాత్రం లేదు. ఆ మంచితనం తలుచుకుంటేనే అతనికి ఒళ్లు మండింది.

ఇంటికి చేరేసరికి మల్లవ్వ దిండుకు ఒరిగి కూర్చుని ఉంది.

"దొరికిందారా ఇల్లు?"

"దొరుకుతది. నీకెందుకవ్వా గా ముచ్చట?"

"నాకెందుకా? గా దొర ఆపిల్ పండ్లు తెచ్చిన్నాడే నాకు ఎరుకైంది. గిన్నేండ్లల ఒక్క జామపండన్న ఇచ్చిండా? మన ఊళ్లె జాగ ఏమాయెరా?"

"జాగున్నది. ఇల్లేది? గోడలన్ని పడిపాయె. దర్వాజ ఒక్కటి నిలవడ్డది."

"దర్వాజ ఉన్నదంటే గడప ఉన్నట్టే గదా. జిల్ల అంత టెంట్లేస్తవ్. మన జాగల ఒక్కటెయ్యరాదా?"

రాజలింగానికి ఇన్ని రోజుల విసుగూ ఒక్కసారే పైకి వచ్చింది. "నిన్ను టెంటు కింద పండవెట్టుడు వద్దనే గదనే నేను కుక్క తిరిగినట్టు మూడూళ్లు తిరుగుతున్న! మళ్ల టెంటే అంటవేంది?"

మల్లవ్వ కొడుకు అరుపుకు బెదరలేదు. ఊపిరి అందే దాకా ఆగి చెప్పింది. "రోడ్డు మీద ఏస్తే గది టెంటు. నా జాగల ఏస్తే గది ఇల్లు. గింత తెల్వదారా నీకు?"

శ్రీలత వంటగదిలోంచే మొదలుపెట్టింది. నీళ్లెక్కడివి, దొడ్డి ఎక్కడ, పాములొస్తే ఏంగావాలె, నీ పనికి రోజూ బస్సులు ఎన్ని మారాలె. అన్నీ నిజమే. అడుగుతూ అడుగుతూనే అటక మీది గిన్నెలు కిందికి దించింది.

టెంట్ హౌస్ ఓనరు పాత పైపులూ రేకులూ వాడుకోమన్నాడు. తోటి పనివాళ్లు వచ్చారు. గుంజలు పాతడం వాళ్లకు కొత్తా? కూలిన గోడల మట్టి ఎత్తిపోసి, నడుము దాకా ఇటుకలు పేర్చి, పైన రేకులు బిగించారు. తండ్రి ఎప్పుడో చేయించిన టేకు దర్వాజను మాత్రం కదపలేదు. ఇల్లంతా దాని చుట్టూ కట్టారు. గడపకు శ్రీలత పసుపు రాసి బొట్లు పెట్టింది. జగిత్యాల గదులు ఖాళీ చేసిన రోజు భాస్కర్ రావు గేటు దాకా వచ్చి సాగనంపాడు, పుష్పలతమ్మ మల్లవ్వకు ఒక దుప్పటి ఇచ్చింది. ఇద్దరి ముఖాల్లోనూ జ్వరం తగ్గినట్టు తేటగా ఉంది.

ఇక మల్లవ్వ ఊరు చేరాక చేసిన పని ఏమిటంటే, పోకపోవడం. ఇవ్వాళో రేపో అన్న మనిషి వానలు పడ్డాక కూడా ఉంది. కాళ్ల వాపు పోలేదు, ఊపిరి సరిగా రాదు, అయినా పొద్దున్నే గడప పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్లను పలకరిస్తుంది. కోడలి ఫోన్ తీసుకుని గ్రూపులో తన మాట రికార్డు చేసి పెట్టడం నేర్చింది. "మా ఊర్ల దొంగలు లేరు, కిరాయి లేదు. మీ ఊళ్లల ఉన్నాదిరా గిసోంటి సుఖం?"

ఒకరోజు రాజలింగం రేకుకు బోల్టు బిగిస్తుండగా ఫోన్ మోగింది. అతని చేతులు ఖాళీ లేకపోతే శ్రీలత స్పీకర్ పెట్టి గడప మీద ఉంచింది. భాస్కర్ రావు.

"రాజలింగం, బాగున్నవా? గదులు ఖాళీగనే ఉన్నయ్. మధ్యల ఒకలు అచ్చిండ్రు గని మీ అసోంటోళ్లు కారు. పుష్పలత రోజు మిమ్ములనే యాదిజేస్తది. అదే... మీ అవ్వది... అంత అయిపోయినంక మళ్ల వచ్చేయుండ్రి. పాత కిరాయే ఇద్దురు."

రాజలింగం చేతిలో పానా ఆగిపోయింది. నోటిదాకా వచ్చింది చాలా ఉంది. అతను నిచ్చెన దిగేలోపే మల్లవ్వ ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"దొరా, నేను మల్లవ్వను. ఇంక ఉన్న. నాకు జర టైమ్ పట్టేటట్టున్నది, నా కోసం మీ గదులు ఆపుకోకుండ్రి, ఎవలకన్న ఇచ్చుకోండ్రి. పుష్పలతమ్మను అడిగిన్నని చెప్పుండ్రి. ఇద్దరు కలిసి ఒకపారి మా ఇంటికి రాండ్రి." ఊపిరి కోసం ఆగింది. "పాణం బాగలేకున్నా రాండ్రి దొరా. మా గడప మీద గసోంటి అడ్డం ఏం లేదు."

మల్లవ్వ ఫోన్‌ను కోడలి చేతికి ఇచ్చి, కొన్ని చాయ్ నీళ్లు పొయ్యమని అడిగింది.