ఎస్తేరు ఆదివారాలు

2023 సెప్టెంబరు. ఒంటారియోలోని లండన్ నగరం. ఊరి తూర్పు వైపు ఒక మందుల షాపు పైన మా ఆఫీసు. నేను పారాలీగల్‌ని. పూర్తి లాయర్‌ని కాదు. అద్దె తగాదాలు, ట్రాఫిక్ టికెట్లు, ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు లాంటివి వాదించడానికి లైసెన్సు ఉన్న మనిషిని. ఆ ఏడు మన పిల్లలు ఊళ్లోకి వరదలా వచ్చారు. బస్సెక్కితే తెలుగు, కూరగాయల కొట్టులో తెలుగు. ఏ కాఫీ షాపు వాళ్లయినా పార్ట్‌టైమ్ మనిషి కావాలని బోర్డు పెడితే వీధి మలుపు దాకా క్యూ ఉండేది. చేతిలో ఉన్న పని పోతే ఇంకోటి దొరుకుతుందన్న నమ్మకం ఎవరికీ లేదు.

నా గురించి ఒక మాట ముందే చెప్పాలి. నాకు అనుమానం ఎక్కువ. పాలు పొంగినా ఎవరో కావాలని మంట పెంచారనుకుంటానని మా ఆయన ఏడిపిస్తారు. అందులో అబద్ధం లేదు. క్లయింటు చెప్పే కథను మొదట సగమే నమ్ముతాను. వెంట వచ్చినవాళ్లు చెప్పే కథను ఆ సగం కూడా నమ్మను. ఈ ఉద్యోగంలో అది నాకు బాగానే అన్నం పెట్టింది.

ఆ రోజు క్లయింటు ఎస్తేరు. చీరాల నుంచి వచ్చి కాలేజీలో చదువుతున్న పిల్ల. వెంట వచ్చినవారు రత్నరాజు గారు. కారు విడిభాగాల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. కొత్తగా దిగిన పిల్లలను ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చి, ఇల్లు దొరికేదాకా తన బేస్‌మెంట్‌లో ఉంచి అన్నం పెట్టే మనిషి. మనసు మంచిదే. కానీ సాయంత్రమైతే ఫోను చెవికి పెట్టుకుని అమెరికా రాజకీయాలు, అమెరికా కోర్టులు, అక్కడ క్రైస్తవులకు జరుగుతున్న అన్యాయాలు వింటూ కూర్చుంటారు. ఊళ్లో ఎవరికి తుమ్ము వచ్చినా దాని మూలం వాషింగ్టన్‌లో వెతుకుతారు.

"అమ్మా, ఈ పిల్ల ఆదివారం చర్చికి వెళ్తోందని కాఫీ షాపులోంచి తీసేశారు" అన్నారాయన కూర్చోకముందే. "స్వలింగ సంపర్కులకి మద్దతుగా ఇంద్రధనుస్సు బ్యాడ్జి పెట్టుకోమన్నారట కూడా. షాపు తలుపు మీద అదే స్టిక్కరు. అర్థమైందిగా? అమెరికాలో అయితే మత స్వేచ్ఛకి రాజ్యాంగంలో ఉన్న ఫస్ట్ అమెండ్‌మెంట్ కింద చీల్చి చెండాడేవారు."

"మనం ఉన్నది కెనడాలో అండీ."

"ఎక్కడైనా విశ్వాసం విశ్వాసమే కదమ్మా. మిషిగన్‌లో ఒక పెద్ద లాయరున్నారు మనకి. వాల్టర్ గారని. ఇలాంటి కేసులే చూస్తారు. వచ్చే వారం వీడియోలో ఈ పిల్లతో మాట్లాడతానన్నారు. రికార్డు చేసి అందరికీ చూపిస్తే వీళ్ల బండారం బయటపడుతుంది."

రత్నరాజు గారు ఫోనులో వినే ఆ అమెరికా ప్రసంగాలు నేనూ వింటాను. మాది పాలకొల్లు దగ్గర లూథరన్ కుటుంబం. నేనూ పాతకాలపు మనిషినే. కుటుంబం, పిల్లల పెంపకం, నమ్మకం విషయంలో ప్రభుత్వం తన హద్దులో తాను ఉండటం, వీటి మీద వాళ్లు చెప్పేవాటిలో చాలావాటికి తల ఊపుతాను. నా అనుమానమంతా ఆ పోట్లాటను సరిహద్దు దాటించి ఇక్కడి మనుషుల మెడకు తగిలించేవాళ్ల మీద. ఆ వాల్టర్ పేరు వినగానే ఎవరో విరాళాల కోసం ఏడుపు మొహాలు వెతుక్కుంటున్నారని నాకు గట్టిగా అనిపించింది.

ఎస్తేరు ప్రతి ప్రశ్నకూ ముందు అంకుల్ వైపు చూసి, ఆయన చెప్పాక తల ఊపింది. అది కూడా నాకు నచ్చలేదు.

ఇక్కడి చట్టం చెబుతాను. ఒంటారియోలో మత విశ్వాసాన్ని క్రీడ్ అంటారు. ఉద్యోగి విశ్వాసానికి తగ్గట్టు యజమాని వీలైనంత సర్దుబాటు చేయాలి. దాన్ని అకామడేషన్ అంటాం. మరీ మోయలేని భారమైతే తప్ప కాదనకూడదు. అయితే ఆ అవసరం ఉందని యజమానికి తెలియాలి కదా. తెలిసీ తీసేశారా అన్నదే నాకు కావాల్సింది. ఇంకో సందేహం కూడా ఉంది. ఆమె ఆదివారం షిఫ్టు మధ్యాహ్నం మొదలవుతుందన్నారు. చర్చి పొద్దున కదా, దానికీ దీనికీ అడ్డేమిటి?

ఎస్తేరు అనుమతి తీసుకుని షాపు మేనేజర్ బ్రెండాకు ఫోన్ చేశాను. ఆమె నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు.

"ఆదివారం వస్తే చాలు, ఆ పిల్లకి ఏదో ఒకటి. ఒకసారి కడుపునొప్పి, ఒకసారి రూమ్మేట్‌కి జ్వరం, ఒకసారి బస్సు తప్పిపోయింది. పోనీ రానని ముందే చెప్తుందా? వస్తావా అంటే 'ఓకే మేడమ్, షూర్ మేడమ్' అంటుంది. షిఫ్టు వేస్తాను, రాదు. చర్చి అన్న మాట ఈ రోజే వింటున్నాను."

"బ్యాడ్జి సంగతి?"

"ఏ బ్యాడ్జి?" అంది బ్రెండా.

ఫోన్ పెట్టేశాక నా అనుమానం అమెరికాను వదిలేసి ఎస్తేరు మీద పడింది. ఆదివారాలు బాంక్వెట్ హాళ్ల వంటగదుల్లో చాటుగా నగదు కూలికి పనిచేసే పిల్లల కథలు రోజూ వింటున్న కాలం అది. ఈ పిల్ల కూడా అలాగే ఎక్కడో గిన్నెలు కడుగుతూ, దొరికిపోయాక దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటోందేమో. ప్రతి వారం చర్చికి వస్తుందని రత్నరాజు గారు సాక్ష్యం చెబుతారు, సరే. బ్యాడ్జి కథ చెప్పింది కూడా ఆయనే కదా.

అందుకే ఆ ఆదివారం చెప్పకుండా వాళ్ల చర్చికి వెళ్లాను. వెళ్లాక ఒక చిక్కు విడిపోయింది. వాళ్లకు సొంత గుడి లేదు. ఒక కెనడియన్ చర్చి హాలు అద్దెకు తీసుకున్నారు. పొద్దున ఆ చర్చి వాళ్ల ఆరాధన, వాళ్లు వెళ్లాక మధ్యాహ్నం తెలుగువాళ్లది. ఆ తర్వాత అందరూ కలిసి భోజనం. మనవాళ్లకు ఇది కొత్త కాదు కాబట్టి ఎవరూ నాకు చెప్పాలనుకోలేదు. బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఎస్తేరు పక్క గదిలో ఉంది. తల మీద చున్నీ వేసుకుని చిన్నపిల్లలకు సండే స్కూలు చెబుతోంది. ఒక బుడతడు ఆమె చెయ్యి లాగుతూ "మిస్ ఎస్తేర్, లయన్ స్టోరీ అగైన్ ప్లీజ్" అంటున్నాడు. ఆ గదిలో ఆమె గొంతు ఖంగుమని వినిపిస్తోంది. నా ఆఫీసులో తల ఊపిన పిల్ల ఈమేనా అనిపించింది.

భోజనాల దగ్గర పక్కకు పిలిచాను.

"ఇంత చక్కగా ఇక్కడ ఉంటూ, మేనేజర్‌కి కడుపునొప్పి అని ఎందుకు చెప్పావమ్మా?"

"ఆవిడ అంత మంచిగా అడుగుతుంటే మొహం మీద కుదరదని ఎలా అంటాం ఆంటీ? అది అబద్ధం అని కూడా అనుకోలేదు. మా ఊళ్లో ఒంట్లో బాలేదంటే రానని అర్థం. ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు."

ఆ ముక్కకు నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. నిజమే, మనం అలాగే బతుకుతాం. కాదని చెప్పడం అమర్యాద, సాకు చెప్పడం మర్యాద. ఎదుటివాళ్లు ఆ సాకును సాకుగానే తీసుకుని ఊరుకుంటారు. ఇక్కడి మనిషి దాన్ని నమ్మి, తర్వాత మోసపోయాననుకుంటుంది.

"చర్చి అని చెప్పడానికి మొహమాటమెందుకు?"

ఎస్తేరు ప్లేటు వైపు చూస్తూ చెప్పింది. "నాతో కైల్ అని ఒక అబ్బాయి పనిచేస్తాడు ఆంటీ. తనకి బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడు. బ్రేక్‌లో ఫోన్‌లో అమెరికా న్యూస్ చూసి, 'చర్చి వాళ్లకి మేమంటే గిట్టదు' అంటాడు. నాకు మెషీన్ వాడటం నేర్పింది తనే. నేను చేసిన పులిహోర డబ్బా ఖాళీ చేసేది తనే. నేనూ చర్చి మనిషినే అని తెలిస్తే మాట్లాడటం మానేస్తాడేమో అని భయమేసింది."

"మరి బ్యాడ్జి?"

"కైల్ పెట్టుకుంటాడు. నన్నెవరూ పెట్టుకోమనలేదు. 'నిన్ను కూడా పెట్టుకోమని ఉంటారే' అని అంకుల్ అడిగారు. నేను... ఊఁ అన్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. బ్రెండాకు కాదని చెప్పలేని మొహమాటమే రత్నరాజు గారికీ ఊఁ కొట్టించింది. రేపు వీడియోలో ఆ లాయరు అడిగినా ఈ పిల్ల ఊఁ అంటుంది. ఆ ఊఁ మీద మానవ హక్కుల ట్రిబ్యునల్‌కు ఫిర్యాదు వెళ్తుంది. బ్రెండా నిజం చెప్పగానే ఎస్తేరు అబద్ధాలకోరు అవుతుంది. కేసు పోయినా వీడియో పోదు. ఏ ఉద్యోగానికి వెళ్లినా అక్కడివాళ్లు నెట్‌లో ఆమె పేరు కొట్టి చూస్తారు, తను చెయ్యని గొడవకు గుర్తుగా ఆమె మొహం కనబడుతుంది.

"ఫిర్యాదు చేయాలంటే నిజమే చెప్పాలి. ఆ మాట నీ నోటితో నువ్వే చెప్పాలి" అన్నాను. "సరే ఆంటీ" అంది. ఆ సరేను కూడా నేను నమ్మలేదు.

వీడియో కాల్ రోజు నేను కూడా ఉంటానని పట్టుబట్టి రత్నరాజు గారి బేస్‌మెంట్‌కు వెళ్లాను. సోఫా ముందు గుండ్రటి లైటు పెట్టారు. పక్కన ఫ్లాస్కులో టీ. తెర మీద వాల్టర్ గారు కనిపించారు. టై, వెనక పుస్తకాల బీరువా, నవ్వు మొహం. ప్రార్థనతో మొదలుపెట్టారు. ఆయన కళ్లు మూసుకున్నా నేను మాత్రం తెరిచే ఉంచాను. తేడాగా ఒక్క ప్రశ్న అడిగితే కాల్ ఆపేద్దామని నిర్ణయించుకున్నాను.

ఆయన మొదటి ప్రశ్న ఇది. "ఆదివారం సెలవు కావాలని నువ్వు మీ మేనేజర్‌ని అడిగావా?"

ఎస్తేరు రత్నరాజు గారి వైపు చూసింది. ఆయన చెప్పు చెప్పు అన్నట్టు తల ఊపారు. తర్వాత నా వైపు చూసింది. నేను కావాలనే కదల్లేదు.

"లేదు సర్" అంది. "నేను అడగలేదు. ఆవిడకి తెలీదు. బ్యాడ్జి కూడా ఎవరూ పెట్టుకోమనలేదు." తర్వాత తెలుగులో, "సారీ అంకుల్" అంది.

వాల్టర్ గారు కళ్లజోడు తీశారు. "నిజం చెప్పినందుకు థాంక్స్. అయితే మనకి కేసు లేదు. విశ్వాసం వల్ల నిజంగా ఉద్యోగం పోయినవాళ్ల తరఫున నేను చాలా ఏళ్లుగా వాదిస్తున్నాను. ఒక్క అబద్ధపు కేసు ముందు వెళ్తే, వెనక వచ్చే నిజమైన మనిషిని జడ్జి నమ్మడు. ఇంకో సంగతి రత్నరాజు గారూ. ఫస్ట్ అమెండ్‌మెంట్ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని, కాఫీ షాపుని కాదు. అది మీ దేశపు చట్టం కూడా కాదు. రికార్డింగ్ చెరిపేయండి. అమ్మా, నువ్వు వెళ్లి అడుగు. కాదంటే అప్పుడు మీ ఆంటీ చూసుకుంటారు."

నేను వాకిలికి కాపలా కాస్తుంటే కథలల్లేవాళ్లు మనింట్లోనే కూర్చున్నారన్నమాట. తలుపు దాకా వచ్చిన రత్నరాజు గారి మొహం చిన్నబోయింది.

"మనవాడనుకున్నానమ్మా" అన్నారు.

"మనవాడే అండీ. అందుకే అబద్ధం వద్దన్నాడు."

రెండు రోజుల తర్వాత ఎస్తేరుతో కలిసి షాపుకు వెళ్లాను. బ్రెండా చేతులు కట్టుకుని కౌంటరు పక్కన నిలబడింది. కాస్త దూరంలో కైల్ కప్పులు సర్దుతున్నాడు. ఎస్తేరు తడబడుతూనే అంతా చెప్పింది. కడుపునొప్పి లేదని, చర్చి మధ్యాహ్నమని, ఆదివారం తప్ప ఏ రోజైనా ఏ షిఫ్టైనా చేస్తానని.

"ఇన్ని సాకులు చెప్పాక ఇది మాత్రం నిజమని ఎలా నమ్మను?" అంది బ్రెండా.

న్యాయమైన ప్రశ్న. నేను కూడా అదే అనుమానంతో వాళ్ల చర్చికి వెళ్లాను కదా. నా దగ్గర చట్టం సిద్ధంగా ఉంది. నోరు తెరిచేలోపు కైల్ అందుకున్నాడు.

"నిజమే బ్రెండా. ఈ అమ్మాయి నేల తుడుస్తూ చర్చి పాటలు పాడుతుంది. మాటలు వేరే భాష, కానీ ట్యూన్ నాకు తెలుసు. మా అమ్మమ్మ అవే పాడేది. తను చేరిన మొదటి వారమే నాకు తెలిసిపోయింది."

ఎస్తేరు బిత్తరపోయింది. "తెలిసి కూడా ఎప్పుడూ అడగలేదే?"

"నువ్వు దాస్తున్నట్టు అనిపించింది. అడిగితే బాధపడతావేమో అని" అన్నాడు.

అమెరికా వార్తలు చూసి ఇద్దరూ ఒకరికొకరు భయపడి, ఒకే డబ్బాలో పులిహోర తింటూ అన్ని నెలలు నోరు కుట్టేసుకున్నారు. నాకు కళ్లు చెమర్చాయి.

బ్రెండా కరిగిపోలేదు. "ఇంకోసారి ఒంట్లో బాలేదంటే డాక్టర్ దగ్గర్నుంచి చీటీ తెమ్మంటాను" అని గట్టిగానే చెప్పింది. కానీ ఆమెను మళ్లీ పనిలోకి తీసుకుని, శనివారాలు రెండు షిఫ్టులూ ఎస్తేరుకు, ఆదివారాలు కైల్‌కు వేసింది. ఫిర్యాదు లేదు, విచారణ లేదు.

నా అనుమానం ఆ తర్వాత కూడా తగ్గలేదు, తగ్గాలని నేను కోరుకోవడం లేదు. ఎవరు ఎవరిని తొక్కేశారన్నది తర్వాత చూస్తాను. 'నువ్వు అడిగావా?' అన్న ఆ మిషిగన్ పెద్దమనిషి ప్రశ్నను మాత్రం నా సొంతం చేసుకుని, వచ్చిన ప్రతి క్లయింటునూ ముందుగా అదే అడుగుతున్నాను. మనవాళ్లలో చాలామంది దగ్గర అన్నీ ఉంటాయి, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తప్ప.

ఆ చలికాలం రత్నరాజు గారు ఇంకో కుర్రాణ్ణి వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చారు. ఇంటి ఓనరు హీటింగ్ వెయ్యడం లేదట. నేను పెన్ను తీసేలోపే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"దార్లోనే అడిగానమ్మా. వీడు ఇంకా ఓనర్ని అడగలేదట. ముందు నీ ఎదురుగా ఫోన్ చేయిద్దామని తీసుకొచ్చా."