విరిచి చూపించిన పగడం

నేను చేసింది చూసినవాళ్ళు నిజమే అనుకోవాలని నాకు మొదటినుంచీ ఒక పిచ్చి. ఆ పిచ్చే ఒకరోజు ఓడల జెట్టీలో నా కొంప ముంచబోయింది.

అప్పట్లో మా దీవిలోని సిప్పీఘాట్ వ్యవసాయ క్షేత్రంలో ల్యాబ్ అసిస్టెంటుని. పగలంతా మైక్రోస్కోపులో ఆకుల ఈనెలూ వేళ్ళ ముక్కలూ చూడటం, గరాచర్మలోని మా ఇంటికొచ్చాక వాటినే కాగితం, కొబ్బరిపీచు, గుడ్డ, దారం కలిపి బొమ్మ కట్టడం. అలా ఉండగా విశాఖపట్నంలో ఒక ప్రదర్శనకు నా పని పంపమన్నారు. అదే మొదటి పిలుపు. ఏడాదిపైగా కూర్చుని చెక్కపలక మీద ఒక పగడపు దిబ్బ చేశాను. పీచు మీద కాగితం పొరలు అంటించి, పైన గుడ్డు పెంకుల పొడి పూసి, భూతద్దంలో చూసుకుంటూ సూదితో ఒక్కొక్క రంధ్రమే పొడిచాను.

ఆ కాగితాల సంగతే ఇంట్లో దాచాను. అవి మా చర్చి సండేస్కూలు పాఠాల పాత పత్రాలు. దేవుని వాక్యం అచ్చయిన కాగితాన్ని మా ఇళ్ళలో చించరు, పారెయ్యరు, పొట్లం కట్టరు. అందులోనూ మా తాతల కాలం నుంచి తెలుగు అచ్చు కాగితం ఓడలో వస్తేనే మాకు దక్కేది. చర్చి పెద్ద అయిన మా నాన్న వాటిని కట్టలు కట్టి బీరువాలో పెట్టేవాడు. బజారు కాగితం జిగురులో ముద్దయిపోయేది, ఇవి మాత్రం పొరపొరగా నిలిచేవి. అందుకని ఒక్కో కట్టే దొంగిలించాను.

ఓడలో పంపే రోజు నాన్నే పలకను దుప్పటిలో చుట్టి పట్టుకుని నాతో వచ్చాడు. తనిఖీ ఉద్యోగి దుప్పటి విప్పి, తల అడ్డంగా ఊపాడు.

"దీదీ, కోరల్ లే జానా మనా హై."

"కోరల్ కాదు భయ్యా, కాగజ్ హై. మైనే బనాయా."

దీవి నుంచి పగడం బయటికి తీసుకెళ్ళడం నిషేధం, అదే చెప్పాడు; ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ ఆపేదాన్ని. టీకొట్టులోంచి నిమ్మచెక్క తెప్పించి ఒక చుక్క పిండాడు. బుసబుసమని నురగ వచ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పగడంలో ఉన్నదీ గుడ్డు పెంకులో ఉన్నదీ ఒకటే సున్నం. ల్యాబులో జీతం తీసుకునే నాకు ఆ మాత్రం ముందే తట్టొద్దూ?

"దేఖా?" అన్నాడాయన.

ఓడ కదలడానికి గంట కూడా లేదు. ఇది తప్పిపోతే మళ్ళీ నన్నెవరు పిలుస్తారు? ఉన్నది ఒకటే దారి, విరిచి చూపించడం. విరిస్తే లోపల అక్షరాలు బయటపడతాయి, పక్కనే నాన్న ఉన్నాడు. అంచునున్న కొమ్మను పుటుక్కున విరిచాను.

లోపలంతా కాగితం పొరలు. ఉద్యోగి ముక్కను కంటి దగ్గర పెట్టుకుని చూసి, ఏం రాసుందో చెప్పమని నాన్న చేతికిచ్చాడు.

"యే క్యా లిఖా హై?"

నాన్న కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చదివాడు. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

"హమారే చర్చ్ కా కాగజ్ హై సాబ్, బచ్చోంకా పాఠ్. యే సమందర్ మే నహీ ఉగ్‌తా."

పిల్లల పాఠాల కాగితం సముద్రంలో మొలవదన్న మాటకు ఉద్యోగి నవ్వేసి ముద్ర వేశాడు. పలక ఓడలోకి వెళ్ళిపోయింది. హమ్మయ్య అనుకున్నాను గాని, సగమే. తిరుగు బస్సులో ఉండబట్టలేక నేనే మొదలుపెట్టాను.

"నాన్నా, అడక్కుండా తీశాను. తప్పే."

"నాకు తెల్దనుకున్నావేటమ్మా? ఏడాది బట్టీ తెలుసు. బీరువా అర ఖాళీ అయినప్పుడల్లా చర్చిలోవి తెచ్చి నేనే నింపేవోణ్ణి."

అన్నాళ్ళ దొంగ భయం ఒక్కసారిగా దిగిపోయింది. బస్సులో జనం చూస్తున్నా ఆపుకోలేక ఏడ్చేశాను.

"మరి ఒక్కసారైనా అడగలేదేం నాన్నా?"

"అడిగితే మానేద్దువు."